కిటికీలోంచి అమ్మ ఒడిలోకి

మొన్నామధ్య జహీరాబాద్ బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్క సీటు సంపాదించాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా అయినప్పటి నుంచి బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండడం లేదు. ఆ సీటు నాకు దొరికిందంటే అది పూర్తిగా నా మోచేతుల పుణ్యమే. పక్కన నా మనవరాలు, నా కూతురి కూతురు. ఇంకా కొంగుతో ముఖం తుడుచుకోనైనా లేదు, కింద నుంచి ఒక గొంతు వినపడింది. "పెద్దమ్మా, జర పట్టుకోవా!" తల తిప్పేలోపు కిటికీలోంచి ఒక పసివాడు లోపలికి వచ్చేశాడు. నా చేతులు నన్ను అడగకుండానే పైకి లేచి వాణ్ణి అందుకున్నాయి. వాడి తల్లి గుంపులో కలిసిపోయింది.

వాణ్ణి ఒళ్ళో సర్దుకుని చూద్దును కదా, మనవరాలు మూతి మూడు వంకర్లు తిప్పి నన్నే చూస్తోంది. నాకు నవ్వాగలేదు. ఆ మూతి నాకు బాగా తెలుసు. అచ్చం అదే మూతి పెట్టుకుని నేను నా చిన్నతనమంతా బస్సుల్లో తిరిగాను.

మాది పెద్ద సంసారం. నాన్న అన్నదమ్ముల్లో పెద్దవాడు, అమ్మ పెద్ద కోడలు. పాకే పిల్లలు, తప్పటడుగుల పిల్లలు, ముక్కు కారే పిల్లలు ఇంట్లో ఎప్పుడూ ఉండేవారు. చిన్నమ్మలు చేనుకు పోతూ "అక్కా, పోరన్ని జర జూస్తుండు" అనేవారు. అమ్మ చూస్తుండేది. నేను అమ్మ కడుపున పుట్టిన ఒక్కగానొక్క దాన్ని. అయినా ఆ ఒడి దగ్గర నా వంతు ఎప్పుడూ అందరి తరువాతే. అడిగితే "నువ్వు పెద్దదానివి గదనే" అనేది. పాల పళ్ళు కూడా పూర్తిగా ఊడని దాన్ని నేను ఏ లెక్కన పెద్దదాన్నో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఒడి గురించి చెప్పాలి. మా వైపు అల్లం పండిస్తారు. ఎండలు ముదిరాక విత్తనపు అల్లం గదిలో కుప్ప పోసుకుని, ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని మొలకలు చూసుకుంటూ ముక్కలు విరిచేవారు. ఆ ఘాటు, ఆ పచ్చి మట్టి వాసన అమ్మ చీరల్లోకి ఎక్కి, ఎంత ఉతికినా పోయేది కాదు. మెత్తటి పాత చీర, దాని కింద వెచ్చగా అమ్మ తొడ, మొహం దాచుకుంటే ముక్కుకు అల్లం. మా చిన్నాన్న కొడుకు ఒకడు ఆ వాసనకు తుమ్మేవాడు. తుమ్మేవాడికి ఇచ్చి, ఇష్టపడేదాన్ని నిలబెట్టడం ఏం న్యాయమో మీరే చెప్పండి!

అమ్మ పూర్తిగా నాకే దొరికే చోటు ఒక్కటే ఉండేది. అది అమ్మమ్మ ఊరికి పోయే బస్సు. న్యాల్‌కల్ దాటి, కర్ణాటక సరిహద్దు దాకా ఎర్ర మట్టి రోడ్డు మీద ఎగురుకుంటూ పోయే ఎర్ర బస్సు. ఆ ప్రయాణానికి చిన్నాన్నల పిల్లలు రారు. అమ్మ, నేను, ఒక సంచి, ఆ సంచిలో జొన్న రొట్టెలు, ఎల్లిగడ్డ కారం. పండుగ అంటే నాకు అదే.

కానీ ఆ పండుగకు కూడా పోటీదారులుండేవారు. ఆ రోజుల్లో బస్సు వచ్చి ఆగగానే మగవాళ్ళు కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరేవారు. దస్తీ పడ్డ సీటు వాళ్ళది. ఎంత పెద్దమనిషైనా దాన్ని తీసి కూర్చునేవాడు కాదు. ఆడవాళ్ళది వేరే పద్ధతి. చంటిపిల్లతో ఆ తోపులాటలో ఎక్కడం కుదరదు కనుక, ముందే సీట్లో కూర్చున్న ఆడమనిషిని చూసి, కిటికీలోంచి పిల్లను అందించి, ఖాళీ చేతులతో తలుపు వైపు పరిగెత్తేవారు. పేరు అడగరు, ఊరు అడగరు, కులం అంతకంటే అడగరు. ఎక్కాక వెనక నుంచి ఒక కేక వేస్తే చాలు. "నా పోరి ఉన్నదా అక్కా?" "ఉన్నది, ఫికర్ జేయకు!" అంతే. తల్లి ఎక్కడో వెనక నిలబడి, పిల్ల ఎవరి ఒళ్ళోనో ముందు పడుకుని, దిగే చోటు దాకా అలాగే పోయేవారు.

మా అమ్మ ఒడి అలాంటి పిల్లలకు పెట్టింది పేరు. కిటికీ పక్కన కూర్చుంటుంది, బొద్దుగా ఉంటుంది, ముఖంలో నవ్వు ఉంటుంది. ఇంకేం కావాలి? పైగా అమ్మకు ఒక జబ్బు ఉండేది. అడిగే దాకా ఆగదు. పిల్లనెత్తుకున్న మనిషి కనిపిస్తే చాలు, చేతులు వాటంతట అవే కిటికీలోంచి బయటికి చాచుకునేవి. "ఇయ్యి చెల్లె, నేను పట్టుకుంట, నువ్వెక్కు." ఆ మాట వినపడగానే నేను ఒళ్ళోంచి లేవాలి. లేచి, ముందు సీటు కడ్డీ పట్టుకుని, పరాయి పిల్ల నా చోట్లో కాళ్ళు ఆడిస్తుంటే చూస్తూ నిలబడాలి.

చూస్తూ ఊరుకునే రకం కాదు నేను. ఒకసారి "అమ్మా, వానికి గజ్జి ఉన్నది" అన్నాను. గజ్జీ లేదు, ఏమీ లేదు. ఇంకొకసారి కొంగు చాటున చెయ్యి పెట్టి ఒళ్ళో ఉన్నవాడి తొడ గట్టిగా గిల్లాను. వాడు బస్సు కప్పు ఎగిరేలా ఏడ్చాడు, తల్లి వచ్చి తీసుకుపోయింది. ఆ గిల్లుడుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. మరొకసారి అయితే "ఆ పోరి అమ్మ దిగిపోయింది!" అని కేక పెట్టాను. కండక్టరు బస్సు ఆపించాడు, ఇంత మంది తలలు బయట పెట్టి చూశారు. తీరా ఆ తల్లి నాలుగు సీట్ల వెనక నిలబడి పుట్నాలు తింటోంది. అమ్మ నాకు చెవి మెలేసింది. బస్సులో ముసలామె ఒకతె "గింత పోరికి ఎంత ఓర్వలేనితనం!" అని బుగ్గ నొక్కుకుంది. ఆ మాట మా ఇంట్లో నాకు పేరుగా నిలిచిపోయింది. ఏం జరిగినా "ఓర్వని పోరి" అనేవారు.

ఊరి బయట మోటారు బండ్ల ఫ్యాక్టరీ వస్తుందట అని అందరూ చెప్పుకునే రోజులు. ఆ ఎండాకాలం నాకు తట్టు పోసింది. వేపాకు పక్క మీద పడుకుని, చిక్కి పుల్లలా అయ్యాను. లేచాక అమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఏం గావాలె బిడ్డా నీకు? జిలేబీ తెప్పియ్యాల్నా?" అని అడిగింది. జిలేబీ కంటే పెద్దదే అడిగాను.

"అమ్మమ్మ ఊరికి పోదాం. బస్సుల ఎవ్వలను ఎత్తుకోవద్దు. నన్నొక్కదాన్నే ఒళ్లె కూసోబెట్టుకోవాలె."

అమ్మ నవ్వింది. తరువాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. "సరే."

"ఒట్టు పెట్టు."

"ఒట్టు. నీ మీద ఒట్టు. ఈ పారి ఎవ్వలొచ్చినా నా ఒడి నీదే," అంటూ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి కూడా అల్లం వాసనే.

బస్టాండు ఆ రోజు తిరునాళ్ళ లాగుంది. పెళ్ళిళ్ళ కాలం. బొంబాయి రోడ్డు మీద లారీల హారన్లు, మిరపకాయ బజ్జీల నూనె పొగ, చెరుకు రసం బండి గంటలు. మా బస్సు పక్కనే, ఇద్దరు మనుషులు పట్టే సందు వదిలి, మొగుడంపల్లి పోయే బస్సు నిలబడి ఉంది. మేము కూర్చున్న కిటికీ ఆ రెండు బస్సుల మధ్య సందులోకి తెరుచుకుంటుంది. మా బస్సు తలుపు అవతలి వైపు ఉంది. సందులోకి ఉన్న తలుపు మొగుడంపల్లి బస్సుది. ఇది గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను. రాణీగారికి కూడా అంత గర్వం ఉండదు. నిలబడ్డ పిల్లలందరినీ ఒక్కొక్కరినీ చూసి, చూశారా అన్నట్టు కాళ్ళు ఊపాను.

అప్పుడు వచ్చింది ఆమె. నల్ల బుర్ఖా, ముఖం మీది గుడ్డ వెనక్కి వేసుకుంది, చాలా చిన్నది, పద్దెనిమిదేళ్ళు కూడా ఉంటాయో లేదో. ఒక భుజానికి పసుపు పచ్చ వైరు బుట్ట, ఇంకో భుజాన నిద్రపోతున్న పిల్లవాడు. ఆ సందులో జనం ఆమెను ఇటు నెడుతున్నారు, అటు నెడుతున్నారు. ఆమె ఇంకా ఎవరినీ ఏమీ అడగనే లేదు. నా నడుం చుట్టూ ఉన్న అమ్మ చేతులు వదులయ్యాయి. నేను గట్టిగా పట్టుకున్నాను. అయినా వదిలించుకుని కిటికీలోంచి బయటికి పోయాయి.

"ఇయ్యి చెల్లె, నేను పట్టుకుంట, నువ్వెక్కు!"

ఆమె మా వైపు తిరిగింది. ముఖం వెలిగింది. పిల్లవాణ్ణి అందించింది. "శుక్రియా ఆపా, వస్త," అంది. ఆపా అంటే అక్క. నేను ఒళ్ళోంచి జారి కింద నిలబడ్డాను.

"ఒట్టు పెట్టినవ్!" అన్నాను.

"చేతులాగలే బిడ్డా. పాపం ఎట్ల నలుగుతున్నదో జూడు. జరంత సేపే."

నేను అమ్మ వైపు చూడలేదు, ఆమె వైపు చూశాను. ఎంత కోపంగా చూశానంటే ఆమె గాజుల రంగు, చెప్పు వార్లు, బుట్టలోంచి బయటికి వచ్చిన సీసా మూత అన్నీ ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. ఆ కళ్ళతోనే చూశాను, ఆమె చటుక్కున వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న తలుపు పట్టుకుని ఎక్కేసింది. మొగుడంపల్లి బస్సు తలుపు.

"అమ్మా! ఆమె ఆ బస్సెక్కింది!"

"ఏ బస్సు?"

"పక్క బస్సు! పసుపు పచ్చ బుట్ట! నేను జూసిన!"

అమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. పుట్నాలు తింటున్న తల్లి కథ ఆ చూపులో ఉంది. అయినా అమ్మ వెనక్కి తిరిగి కేక వేసింది. "ఓ చెల్లె, పిల్ల తల్లీ, ఎక్కినవా?"

వెనక గుంపులోంచి ఒక ఆడగొంతు బదులిచ్చింది. "ఎక్కిన అక్కా, ఎక్కిన! మస్తు గర్దీ ఉన్నది, జర పట్టుకో!"

"ఇన్నవా? ఇగ నోర్మూసుకో," అంది అమ్మ.

"ఆమె గాదు! ఆమె గొంతు గాదు!"

నేను కిటికీ మీద పడి "ఓ బుర్ఖా ఆమే!" అని అరిచాను. పక్క బస్సు కదిలింది. మాది కదిలింది. ఒకటి అటు, ఒకటి ఇటు. సీట్లో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన "ఎవల పోరివే నువ్వు, చెవులు పగులుతున్నయి," అన్నాడు. అమ్మ సిగ్గుపడి, "ఏం జేయాల్నయ్యా, జర ఓర్వదు," అంది. ఆ మాటకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అబద్ధం ఆడినప్పుడు బస్సు ఆగింది. నిజం చెబితే ఒక్కరైనా వినలేదు.

ఆ పిల్లవాడు మాత్రం అమ్మ ఒళ్ళో సుఖంగా నిద్రపోతున్నాడు. నుదుటి మీద కాటుక చుక్క, మెడలో నల్లదారానికి తావీజు, ఒంటికి పాల వాసన, కొంచెం అత్తరు వాసన. అమ్మ కొంగుతో వాడికి విసురుతోంది. నాకు తట్టు పోసి లేచిన ఒళ్ళు, కాళ్ళు వణుకుతున్నాయి. ఆ మాట అమ్మకు చెప్పలేదు. చెబితే అడుక్కున్నట్టు ఉంటుందని పళ్ళు బిగబట్టి నిలబడ్డాను.

న్యాల్‌కల్ రాకముందే ఒక ఊరి దగ్గర బస్సు ఆగింది. వెనక నుంచి ఎర్ర చీర కట్టుకున్న ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మా సీటు పక్కగా వచ్చి, మమ్మల్ని దాటి, ముందు సీట్లో ఒక ముసలమ్మ ఒళ్ళో ఉన్న ఆడపిల్లను ఎత్తుకుంది. "దేవుడు నిన్ను సల్లగ జూడాలె అవ్వా," అంది. అదే గొంతు. "ఎక్కిన అక్కా" అన్న గొంతు.

అమ్మ ముఖంలో నెత్తురు లేదు. "చెల్లె, మరి గీ పిల్లగాడు నీ వాడు గాదా?"

"నాకు మగపిల్లలేడున్నరక్కా? గీ పోరొక్కతే."

బస్సంతా లేచి నిలబడింది. ఎవరి పిల్లవాడు, ఎవరి పిల్లవాడు అని ముందు నుంచి వెనకకు, వెనక నుంచి ముందుకు కేకలు. ఎవరూ నా వాడు అనలేదు. అమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపులో ఈసారి పుట్నాల కథ లేదు.

"బిడ్డా... నువ్వు నిజంగనే జూసినవా?"

"మొగుడంపల్లి బస్సు," అన్నాను. "పసుపు పచ్చ వైరు బుట్ట. ఆకుపచ్చ గాజులు. ఎడమ చెప్పుకు వారు తెగింది, దారంతోటి కట్టుకున్నది."

కండక్టరు నోరు తెరిచాడు. తరువాత తల పట్టుకున్నాడు. "అయ్యో! ఆ బస్సుల గూడ ఆమె 'నా పోరడున్నడా' అని ఒర్రి ఉంటది. ఎవరో ఒకామె 'ఉన్నడు' అని ఉంటది. ఆ తల్లి నిమ్మళంగ మొగుడంపల్లి పోతుంటది."

అదే జరిగిందని తరువాత తెలిసింది. ప్రతి బస్సులోనూ ఎవరి ఒళ్ళోనో ఎవరి పిల్లలో ఉంటారు కదా! అడిగితే ఉన్నాడనే చెబుతారు.

పోలీసు ఠాణాలో ఇద్దామని ఒకరు, న్యాల్‌కల్‌లో దిగి ఎదురు బస్సు చూడమని ఒకరు. అన్నీ విని కండక్టరు తేల్చాడు. "ఇయ్యాల ఎదురు బస్సు లేదు. ఆఖరి ఊరి దాక పోయి ఇదే బస్సు వెనక్కి మలుగుతది. తల్లి ఏడ పిల్లగాన్ని ఇచ్చిందో ఆడనే కూసుంటది. ఇంకేడికి బోతది?" అప్పటికి పిల్లవాడు లేచి ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఒళ్ళో చంటిపిల్ల ఉన్న ఒకామె, ఎవరో ఏ ఊరో తెలియదు, "ఇటియ్యి అక్కా, నా కాడ పాలున్నయి," అని తీసుకుని కొంగు కప్పుకుంది. పక్కాయన లేచి ఆమెకు గాలి వచ్చే చోటు ఇచ్చాడు. ఇంకెవరో నీళ్ళ సీసా ఇచ్చారు. నేను ఒక్కదాన్నే లెక్క పెట్టుకుంటున్నాను. నా చోటు పోయింది, నా అమ్మ పోయింది, ఇప్పుడు బస్సు బస్సంతా వాడి వైపే.

అమ్మమ్మ ఊరి చివర నిలబడి ఉంది. ప్రతిసారీ అక్కడే నిలబడేది, చేతిలో తెల్ల గుడ్డలో మూట కట్టిన పోలెలతో, అంటే బొబ్బట్లతో. అమ్మ కిటికీలోంచే జరిగింది చెప్పింది. అమ్మమ్మ పిల్లవాణ్ణి చూసి, "ఎవలి పిల్లగాడో తెల్వకుంటనే ఎత్తుకున్నవానే?" అంది.

"నువ్వెన్నడన్న తెలుసుకోని ఎత్తుకున్నవా?" అంది అమ్మ.

అమ్మమ్మ పోలెల మూట పైకి అందించింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. "నువ్వు దిగు బిడ్డా. అమ్మమ్మతోని పో. పిల్లగాన్ని అప్పజెప్పి రేపు పొద్దుగాల వస్త."

దిగితే పోలెలు, నెయ్యి, వాకిట్లో మంచం, అమ్మమ్మ కథలు. కానీ వాణ్ణీ అమ్మనూ అంతసేపు ఒంటరిగా వదిలేంత పిచ్చిదాన్నా? "దిగ," అన్నాను. కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాను. అమ్మమ్మ కిందనుంచి నవ్వి, "అది దిగదు. దాని సొత్తు ఆడ ఉన్నది," అంది.

బస్సు మళ్ళీ జహీరాబాద్ వైపు తిరిగింది. మొదట్లో ఖాళీగా ఉంది కానీ, ఊరూరా ఎక్కి నిండిపోయింది. అమ్మ పక్కన ఒక ముసలామె వచ్చి కూర్చుంది. ఎండు చేప లాంటి మనిషి, నోట్లో పొగాకు, కాళ్ళ దగ్గర చింతపండు గంప. నేను నిలబడే ఉన్నాను. కళ్ళు మూసుకుపోతున్నాయి. ముసలామె నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఏమీ అడగకుండా జబ్బ పట్టుకుని లాగి తన ఒళ్ళో కూలేసింది.

"నాకొద్దు," అన్నాను.

"నాకు గూడ వద్దు. నువ్వు మీద పడితే నా గంప నలుగుతది. కూసో," అంది.

మోకాళ్ళు గుచ్చుకుంటున్నాయి. పొగాకు కంపు. ఐనా గరుకు అరచెయ్యి ఒకటి నా వీపు మీద పడి, బస్సు ఎగిరినప్పుడల్లా గట్టిగా పట్టుకుంటూ, మళ్ళీ వదులవుతూ ఉంది. ఆమెకు నేనెవరినో తెలియదు. బిగుసుకుని కూర్చున్నదాన్ని ఎప్పుడు ఒరిగానో నాకు గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి పొద్దు వాలింది. నా తల ముసలామె భుజం మీద ఉంది. నేను లేచానని తెలియక అమ్మ నన్నే చూస్తోంది. పిల్లవాడు ఒళ్ళో ఉన్నాడు కానీ అమ్మ చూపు వాడి మీద లేదు. కింది పెదవి కొంచెం ముందుకు వచ్చి ఉంది. ఆ ముఖం ఎక్కడో చూశాననిపించింది. అమ్మ ముసలామెతో, "పెద్దమ్మా, నీకు బరువైతుందేమో. ఇటియ్యి దాన్ని," అంది.

"ఏం బరువు? నిమ్మళంగ పన్నది," అంది ముసలామె.

"గట్ల కొత్తోళ్ళ కాడ పండదది," అంది అమ్మ.

అప్పుడు తెలిసింది నాకు. అమ్మకు కుళ్ళు! మా అమ్మకు నా కోసం కుళ్ళు! నేను కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకా గాఢంగా నిద్రపోతున్నట్టు ముసలామె మెడను వాటేసుకున్నాను. కాసేపటికి ఒక చెయ్యి వచ్చి నా రెండు పాదాలను పట్టుకుని, మెల్లగా లాగి తన ఒళ్ళో పెట్టుకుంది, ఆ పిల్లవాడి పక్కన. వెచ్చటి చీర, అల్లం వాసన. ఆ రోజు అమ్మ ఒడి నా పాదాలకు మాత్రం దొరికింది.

బస్టాండులో ఆ పిల్లవాడి తల్లి కండక్టరు చెప్పిన చోటే ఉంది. నేల మీద కూలబడి ఉంది, చుట్టూ ఎవరెవరో ఆడవాళ్ళు. ఆ నెట్టుడులో మా కిటికీని తన బస్సు కిటికీ అనుకుందట, మొగుడంపల్లిలో దిగి చూసుకుంటే ముందు సీట్లో ఉన్నది వేరే పిల్లవాడు. దారిన పోయే చెరుకు లారీ అతను ఆమె ఏడుపు చూసి ఎక్కించుకుని, దారిలో ఇంకెక్కడా ఆగకుండా తెచ్చి దింపాడట. బజ్జీలబ్బాయి చాయ్ తెచ్చి పెట్టాడు, అది చల్లారిపోయి పక్కనే ఉంది. మా బస్సు ఇంకా సరిగ్గా ఆగనే లేదు, ఆమె పరిగెత్తి వచ్చి అదే కిటికీ కింద నిలబడింది. అమ్మ అదే కిటికీలోంచి పిల్లవాణ్ణి అందించింది.

ఆమె వాణ్ణి మొహానికేసి అదుముకుంది. "యా అల్లా... యా అల్లా," అంటూనే ఉంది.

"నాదే తప్పు చెల్లె," అంది అమ్మ. "నువ్వడగకముందే చేతులు జాపిన. లేకుంటే నీ బస్సు కిటికీల ఇస్తుంటివి."

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు నన్ను చూసింది. "ఈ పిల్లనే గదా? ఈ పిల్లనే ఒర్రింది. నాకు ఇనిపించింది ఆపా. నన్ను గాదేమో అనుకున్న." వైరు బుట్టలోంచి ఒక బిస్కట్ పొట్లం తీసి పైకి చాచింది. నేను తీసుకోలేదు. అమ్మ మోచేత్తో పొడిచాక తీసుకున్నాను.

ఇంటికి నడిచి పోతున్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "అందరం కండ్లుండి జూడలే. నీ కండ్లే కండ్లు బిడ్డా," అంది. నేను బిస్కట్ తింటూ, "ఒట్టు తప్పినవ్," అన్నాను.

ఆ తరువాత అమ్మ బుద్ధి మారిందా అంటే ఏం మారలేదు. చేతులు అలాగే కిటికీలోంచి బయటికి పోయేవి. మారింది ఒక్కటే. పిల్లను అందుకున్నాక, ఎవరినీ కేక వేసి అడిగేది కాదు. నా వైపు తిరిగి "ఎక్కిందా, చూడు బిడ్డా," అనేది. నేను చూసేదాన్ని. చీర రంగు, గాజుల రంగు, చెప్పులు, అన్నీ. నేను "ఎక్కింది" అనే దాకా అమ్మ బస్సు కదలనిచ్చేది కాదు. ఎంత పెద్దమనిషి విసుక్కున్నా సరే. "నా బిడ్డ చెప్పాలె," అనేది. ఆ మాట వినడానికి గర్వంగానే ఉండేది. నిలబడి వినాల్సి రావడమే బాధ. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి నా కాళ్ళు నేలకు తగిలేంత పొడుగయ్యాయి. ఇక ఆ ఒళ్ళో కూర్చోవాలని అడగడానికి నాకే సిగ్గేసింది. కానీ కూర్చున్న వాళ్ళందరినీ చూసి కుళ్ళుకోవడం మాత్రం మానలేదు. అమ్మ పోయిన రోజున మా చిన్నాన్నల పిల్లలు వచ్చి, "పెద్దమ్మ ఒళ్ళోనే పెరిగినం," అని ఏడుస్తుంటే, ఆ దుఃఖంలో కూడా నా కడుపులో అదే మంట రగిలింది.

డ్రైవరు ఇంజను స్టార్టు చేసేసరికి మళ్ళీ ఇప్పటి బస్సులోకి వచ్చాను. మనవరాలి మూతి ఇంకా అలాగే ఉంది.

"ఎక్కిందా, చూడు బిడ్డా," అన్నాను.

అది ఒక్క క్షణం నన్ను చూసింది. "ఎక్కలే," అంది.

"ఆపున్రి! పిల్లగాని తల్లి ఎక్కలే!" అని అరిచాను. కండక్టరు పిల్ల గొణుక్కుంటూ బెల్లు కొట్టింది. బస్సు ఆగింది. వెనక నుంచి ఒక గొంతు పలికింది. "ఎక్కిన పెద్దమ్మా! ఈడనే ఉన్న!" చెయ్యి పైకెత్తి గాజులు కూడా ఊపింది. అందరూ నా మనవరాలిని చూసి నవ్వారు. ముందు సీటాయన "మస్తు ఓర్వలేనితనం ఉన్నది ఈ పోరికి," అన్నాడు.

"ఉంటది," అన్నాను. "దాని అమ్మమ్మను అది ఎత్తుకపోనిస్తదా?"

పసివాణ్ణి కుడి మోకాలి మీదికి జరిపి, మనవరాలి జబ్బ పట్టుకుని లాగి ఎడమ మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాను. వాతం మోకాళ్ళు, ఎర్ర మట్టి రోడ్డు పోయి తారు రోడ్డు వచ్చినా గుంతలు గుంతలే. రెండు ఊళ్ళు దాటకముందే ప్రాణం పోయినంత పనైంది. అయినా దించలేదు. అమ్మకు కూడా రెండు మోకాళ్ళుండేవి కదా అనుకున్నాను.

అప్పుడే నా మనవరాలు కొంగు చాటున మెల్లగా చెయ్యి పెట్టి, ఆ పసివాడి తొడ గిల్లింది. వాడు బస్సు కప్పు ఎగిరేలా ఏడుపు అందుకున్నాడు. నేను చూడనట్టు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.